శుద్ధి చేసిన నీటి బీఓడీ ఇక్కడ 24, బయటి ల్యాబ్‌లో 8: ఏది నమ్మాలి?

మీరిచ్చిన వివరాలు ముందుగా ఒకచోట పెడతాను, తరవాత చదివేవాళ్లకి వెతుక్కునే పని తప్పుతుంది. మురుగుశుద్ధి ప్లాంటులో ఏరేషన్ ట్యాంకు (గాలి ఊది బాక్టీరియాతో మురుగు తినిపించే చోటు), క్లారిఫయర్ (ఆ బాక్టీరియా మడ్డి అడుక్కి దిగే ట్యాంకు) దాటి బయటికి వచ్చే నీళ్లు. మీ ల్యాబ్‌లో బీఓడీ (నీటిలోని సరుకుని తింటూ బాక్టీరియా ఐదు రోజుల్లో తాగే ఆక్సిజన్) 24, సీఓడీ (అదే సరుకుని రసాయనంతో ఆక్సీకరణ చేస్తే పట్టే ఆక్సిజన్) 48 వచ్చాయి. అదే శాంపిల్‌లో సగం బయటి ల్యాబ్‌కి పంపితే బీఓడీ 8, సీఓడీ 52 అని రిపోర్టు ఇచ్చారు. అమ్మోనియా నైట్రోజన్ 5, సస్పెండెడ్ సాలిడ్స్ (నీటిలో కరగకుండా తేలాడే పదార్థం) 15. అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో. పొరపాటు ఎవరిది, అసలు ఈ ఐదు రోజుల పరీక్ష మానేసి సీఓడీతోనో టీఓసీతోనో (నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్ కొలత) సరిపెట్టుకోకూడదా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

ఇద్దరూ సరిగ్గానే చేసి ఉండొచ్చు. సీఓడీలో 48కీ 52కీ ఉన్న తేడా తేడానే కాదు, ఒకే మనిషి రెండుసార్లు చేసినా అంత ఊగుతుంది. అంటే నీళ్లు ఒకటే, శాంపిల్ పంచడం కూడా బాగానే జరిగింది. తగాదా అంతా బీఓడీ బాటిల్లోనే ఉంది.

మీ బీఓడీని మీ సీఓడీతో భాగించి చూడండి. సగం వస్తుంది. అది ప్లాంటులోకి వచ్చే పచ్చి మురుగునీటికి ఉండాల్సిన నిష్పత్తి. ఇళ్ల మురుగు 0.4 నుంచి 0.6 మధ్య ఉంటుంది. ఏరేషన్‌లో బాక్టీరియా తినగలిగిందంతా తినేశాక మిగిలేది వాటికి సయించని సరుకే కాబట్టి, శుద్ధి చేసిన నీటిలో ఆ నిష్పత్తి మామూలుగా 0.1 నుంచి 0.3 దగ్గర నిలుస్తుంది. బయటి ల్యాబ్ అంకెలు భాగిస్తే 0.15. ప్లాంటు నిజంగా సగం తిండి మిగిల్చి వదిలేస్తుంటే సీఓడీ 48 దగ్గర ఆగదు. కాబట్టి మీ 24లో సేంద్రియ పదార్థం కానిదేదో ఆక్సిజన్ తాగుతోందని నా మొదటి అనుమానం. నూటికి తొంభైసార్లు అది నైట్రిఫికేషనే, అంటే బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చడం.

ఆ పని చేసే బాక్టీరియాకి (వాటినే నైట్రిఫయర్లు అంటారు) 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. మీ 24కీ వాళ్ల 8కీ మధ్య తేడా 16. దాన్ని 4.57తో భాగిస్తే 3.5. మీ నీటిలో అమ్మోనియా 5 ఉందన్నారు. లెక్క ఇమిడిపోతోంది. వాళ్లు నైట్రిఫికేషన్‌ని ఆపే మందు వేసి చేసి ఉంటారు, మీరు వేయలేదు. అలైల్‌థయోయూరియా అని ఒకటి, టీసీఎంపీ అని ఇంకొకటి వాడుకలో ఉన్నాయి. ఆ మందు వేసి తీసిన అంకెని సీబీఓడీ అంటారు, అంటే కార్బన్ తాలూకు బీఓడీ మాత్రమే. మీ రిపోర్టులో బీఓడీ అనీ, వాళ్ల రిపోర్టులోనూ బీఓడీ అనే ఉంటుంది. వాళ్ల రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో ఉండే పద్ధతి నంబరు చూడండి, లేదంటే ఫోన్ చేసి అడగండి.

ఇక్కడ చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. డైల్యూషన్ వాటర్ (శాంపిల్‌ని పలచన చేసే నీళ్లు) కలిపేటప్పుడు ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) పోస్తాం కదా. మామూలు పద్ధతిలో ఆ బఫర్‌లో లీటరుకి 1.7 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ ఉంటుంది. లీటరు నీటికి 1 మిల్లీలీటరు బఫర్ చొప్పున కలిపితే డైల్యూషన్ వాటర్‌లో అమ్మోనియా నైట్రోజన్ 0.45 దగ్గరికి చేరుతుంది. బాక్టీరియాకి పోషకంగా మనమే వేస్తున్నాం. మీ బాటిల్ 300 మిల్లీలీటర్లది, అందులో శాంపిల్ 75 పోశారనుకోండి, మిగతా 225 ఈ నీళ్లే. మీ శాంపిల్‌తో వచ్చిన నైట్రిఫయర్లు ఈ అమ్మోనియాని కూడా వదలవు. అదంతా కాలితే బాటిల్లో ఆక్సిజన్ దాదాపు 1.5 పడిపోతుంది, డైల్యూషన్‌కి నాలుగుతో హెచ్చవేస్తే బీఓడీలో 6 యూనిట్లు. మీ ప్లాంటు నీటితో దానికి ఏ సంబంధమూ లేదు. పోనీ బ్లాంక్‌లో (శాంపిల్ లేకుండా డైల్యూషన్ వాటర్ మాత్రమే పోసిన బాటిల్లో) కనిపిస్తుందా అంటే కనిపించదు, ఎందుకంటే బ్లాంక్‌లో ఆ బాక్టీరియానే ఉండదు. బ్లాంక్ శుభ్రంగా 0.1 చూపిస్తుంది, మీరు అంతా బాగుందనుకుంటారు.

పచ్చి మురుగులో ఈ గొడవ ఎందుకు రాదంటే, అందులో నైట్రిఫయర్లు చాలా తక్కువ, అవి నెమ్మదిగా పెరిగేవి. లెక్కలోకి వచ్చేంత సంఖ్యకి చేరేసరికి వారమో పది రోజులో పడుతుంది, ఈలోపే మనం ఐదో రోజున బాటిల్ తీసేస్తాం. నైట్రిఫికేషన్ బాగా జరిగే ప్లాంటు నుంచి వచ్చే నీటిలో అవి అప్పటికే పుష్కలంగా ఉంటాయి, మొదటి రోజు నుంచే పని మొదలుపెడతాయి. ఫలితంగా ప్లాంటు బాగా నడిచేకొద్దీ బీఓడీ పెరిగినట్టు కనిపించే వింత పరిస్థితి వస్తుంది. ఆపరేటర్‌ని తిట్టడానికి ముందు ఇది చూసుకోవాలి. సీఓడీ పరీక్షలో అమ్మోనియా మామూలుగా ఆక్సీకరణ చెందదు కాబట్టి, అమ్మోనియా ఎక్కువున్న నీటిలో బీఓడీ ఏకంగా సీఓడీనే దాటిపోవచ్చు కూడా. బీఓడీ సీఓడీ కంటే ఎక్కువ వచ్చింది గనక అది పక్కా తప్పు అని కొట్టిపారేసే ఆడిటర్లకి ఈ సంగతి చెప్పాలి.

నిర్ధారణ ఎలా? ఒకే శాంపిల్, ఒకే డైల్యూషన్, రెండు జతల బాటిళ్లు. ఒక జతలో ఇన్హిబిటర్ (పైన చెప్పిన, నైట్రిఫికేషన్‌ని ఆపే మందు) వేయండి, రెండో జతలో వద్దు. ఐదు రోజుల తరవాత ఇన్హిబిటర్ లేని బాటిల్లో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 8.8 నుంచి 2.8కి, ఉన్నదాంట్లో 8.8 నుంచి 6.8కి పడితే, నాలుగుతో హెచ్చవేయగా 24, 8 వస్తాయి. మీ రెండు రిపోర్టులూ మీ సొంత ఇంక్యుబేటర్‌లోనే పక్కపక్కన కనిపిస్తాయన్నమాట. ఇంకా గట్టి రుజువు కావాలంటే మొదటిరోజూ ఐదోరోజూ బాటిల్లో నైట్రైట్, నైట్రేట్ కొలవండి. పైన చెప్పిన కేసులో వాటి మొత్తం నైట్రోజన్‌గా 0.9 దాకా పెరిగి ఉండాలి. పెరగకపోతే నా అనుమానం తప్పు, వేరే కారణం వెతకాలి.

వేరే కారణం అంటే ముఖ్యంగా ఒకటుంది, అది ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మీది ఎక్కువ కాదు, వాళ్లదే తక్కువ కావచ్చు. శాంపిల్ క్లోరినేషన్‌కి ముందు తీశారా, తరవాత తీశారా అన్నది మీరు రాయలేదు. తరవాత తీసి ఉంటే అందులో క్లోరిన్ మిగిలి ఉంటుంది, బాక్టీరియా చచ్చి ఉంటుంది. క్లోరిన్‌ని సోడియం సల్ఫైట్‌తో విరగ్గొట్టి, బయటి నుంచి సీడ్ (బతికున్న బాక్టీరియా) వేస్తే తప్ప ఆ బాటిల్లో తినేవాడు లేడు. సీడ్ వేయకుండా చేస్తే వచ్చే 8కి ఏ విలువా లేదు, 3 వచ్చినా ఆశ్చర్యం లేదు. సల్ఫైట్ వేయడంలోనూ చెయ్యి జారకూడదు. ఎక్కువైతే అదే ఆక్సిజన్ తాగి బీఓడీ పెంచుతుంది. చిన్న భాగం మీద టైట్రేషన్ చేసి, ఎంత కావాలో తేల్చుకుని అంతే వేయాలి. ఇంకో మాట, బాక్టీరియా పరీక్షల కోసం థయోసల్ఫేట్ వేసి ఉంచిన సీసాలు ల్యాబ్‌లో పడి ఉంటాయి. తొందర్లో వాటిలోనే బీఓడీ, సీఓడీ శాంపిల్ పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. థయోసల్ఫేట్ కూడా సీఓడీలో కనిపిస్తుంది.

చిన్న బీఓడీలు కొలవడంలో ఉన్న ఇబ్బంది గురించి కూడా చెప్పాలి. 20 డిగ్రీల దగ్గర నీటిలో పట్టే ఆక్సిజనే మహా అయితే 9.1. ఐదు రోజుల్లో కనీసం 2 ఖర్చవ్వాలి, చివర్లో కనీసం 1 మిగలాలి, అప్పుడే ఆ బాటిల్ లెక్కలోకి వస్తుంది. పైన 8 వచ్చిన బాటిల్లో ఖర్చయింది సరిగ్గా 2, అంచు మీద ఉంది. మీటరు 0.2 తేడా చూపిస్తే బీఓడీ 0.8 మారిపోతుంది. శుద్ధి చేసిన నీటికి పచ్చి మురుగుకి వాడే డైల్యూషన్లే అలవాటుగా వేయడం వల్ల వచ్చే తిప్పలివి. 150 మిల్లీలీటర్లు, అవసరమైతే 200 పోయండి. పోసేముందు శాంపిల్‌ని 20 డిగ్రీలకి తెచ్చి బాగా కుదపండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరిగి ఉంటుంది, వేడెక్కాక బాటిల్లో బుడగలుగా బయటికొస్తుంది, అది బాక్టీరియా తిన్నట్టు లెక్కలోకి పోతుంది. పాలిషింగ్ పాండ్ (శుద్ధి చివర నీళ్లు నిలిపే చెరువు) నుంచి వచ్చిన ఆకుపచ్చ నీళ్లయితే ఆల్గే వల్ల ఇదే సమస్య ఇంకా ఎక్కువ. ఆల్గే వెలుతురులో ఆక్సిజన్ విడుస్తుంది కాబట్టి ఇంక్యుబేటర్ తలుపు సందులోంచి కూడా వెలుతురు రాకూడదు.

ల్యాబ్ మీద మీకు నమ్మకం ఉందో లేదో తేల్చేది గ్లూకోజ్, గ్లుటామిక్ ఆసిడ్ ద్రావణం. రెండూ లీటరుకి 150 మిల్లీగ్రాముల చొప్పున కలిపితే బీఓడీ 198 రావాలి, 30.5 అటూ ఇటూ ఒప్పుకుంటారు. అంటే మంచి ల్యాబ్‌కి కూడా 15 శాతం వెసులుబాటు ఇచ్చారు. 24కీ 8కీ ఉన్న తేడాని ఆ వెసులుబాటు కప్పలేదు, కానీ 8కీ 10కీ మధ్య తేడా మీద మీటింగులు పెట్టి గొడవపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. డైల్యూషన్ వాటర్ బ్లాంక్ 0.2 దాటితే ఆ రోజు బ్యాచ్ మొత్తం అనుమానమే.

అసలు ఈ ఐదు రోజులు ఎక్కడి నుంచి వచ్చాయని మీరు విసుక్కున్నారు. బ్రిటన్‌లో మురుగు పారవేయడం మీద వేసిన రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదో నివేదికతో ఐదు రోజుల పరీక్ష స్థిరపడింది. శుద్ధి చేసిన నీటికి బీఓడీ 20, సస్పెండెడ్ సాలిడ్స్ 30 అన్న జంట అంకెలు కూడా ఆ కమిషన్ చెప్పినవే. ఐదో రోజున జీవరసాయన పరంగా ఏమీ పూర్తికాదు. ఇళ్ల మురుగుకి వాడే మామూలు రేటు, రోజుకి 0.23, తీసుకుంటే అప్పటికి మొత్తం బీఓడీలో 68 శాతం వరకే తేలుతుంది. భారత ప్రమాణాల్లో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చేసే పద్ధతి ఉంది, వేడి ఎక్కువ కాబట్టి పని త్వరగా అవుతుందని. ఇవన్నీ ఒప్పందాలు. ఒప్పందం కాబట్టే పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాలి, లేకపోతే ఆ అంకెకి అర్థమే పోతుంది.

ఇక మీ రెండో ప్రశ్న, సీఓడీ ఒక్కటి చాలదా అని. ప్లాంటు నడపడానికైతే చాలు, నేనైతే రోజువారీ నిర్ణయాలకి బీఓడీ కోసం ఎదురుచూడను. ఐదు రోజుల తరవాత వచ్చే అంకె పోయినవారం ఏం జరిగిందో చెబుతుంది, ఈపాటికి ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో. సీఓడీ రెండు గంటల డైజెషన్, 150 డిగ్రీలు, సాయంత్రానికి అంకె చేతిలో ఉంటుంది. కానీ మీరు సీఓడీని ఎలా చదువుతున్నారన్నదే అసలు విషయం. మొత్తం 48ని చెడుగా చూస్తే ఏమీ తెలియదు. దాన్ని చీల్చాలి.

0.45 మైక్రాన్ ఫిల్టర్ తెచ్చుకోండి. శాంపిల్‌లో కొంత వడకట్టి, వడకట్టినదానికీ కట్టనిదానికీ విడివిడిగా సీఓడీ తీయండి. మీ సస్పెండెడ్ సాలిడ్స్ 15లో మండే భాగం 12 ఉందనుకుందాం. బాక్టీరియా కణాల్లో 1 మిల్లీగ్రాముకి సీఓడీ 1.42 ఉంటుంది, అంటే 17 దాకా ఫ్లాక్ (బాక్టీరియా ముద్దల) రూపంలోనే బయటికి పోతోంది. మిగిలిన 31 కరిగి ఉంది. ఆ 31లో ఇంకా కుళ్లగలిగింది కొద్దిగా ఉంటుంది, ఎక్కువ భాగం ఏ బాక్టీరియా ముట్టనిది, మురుగుతోపాటు వచ్చిందో ఏరేషన్‌లో బాక్టీరియా తమంతట తాము విడిచిందో. రేపు మీ సీఓడీ 48 నుంచి 75కి ఎగబాకిందనుకోండి. వడకట్టినది 31 దగ్గరే ఉంటే తప్పు క్లారిఫయర్‌ది, స్లడ్జ్ లేచి వస్తోంది, ఎస్‌వీఐ (స్లడ్జ్ ఎంత బాగా కిందికి దిగుతోందో చెప్పే అంకె) చూడండి, రిటర్న్ స్లడ్జ్ (ఏరేషన్‌కి తిరిగి పంపే స్లడ్జ్) చూడండి. వడకట్టినది కూడా 55కి లేస్తే అది ఏరేషన్ సమస్యో, ఎగువన ఎవరో రసాయనం వదిలారో. అప్పుడు అమ్మోనియా కూడా పెరిగిందేమో చూస్తే కొంత తెలుస్తుంది: ఆక్సిజన్ చాలకపోతే ముందు దెబ్బతినేది నైట్రిఫయర్లే. విషం లాంటిదేదైనా వచ్చినా అవే ముందు పోతాయి, కాబట్టి ట్యాంకులో డీఓ చూడకుండా తీర్పు చెప్పొద్దు. ఈ ఒక్క ఫిల్టర్ పని చేయించుకునే ప్లాంట్లు చాలా తక్కువ. ఎందుకో నాకు అర్థంకాదు, ఖర్చు పెద్దగా లేదు.

సీఓడీకి శత్రువు క్లోరైడ్. 1 మిల్లీగ్రాము క్లోరైడ్ 0.226 సీఓడీగా కనిపిస్తుంది. క్లోరైడ్ 300 ఉన్న నీటిలో మెర్క్యూరిక్ సల్ఫేట్ (క్లోరైడ్‌ని పట్టి ఉంచేది) సరిగ్గా పడకపోతే 68 వరకు దొంగ సీఓడీ రావచ్చు, మీ అసలు సీఓడీ కంటే ఎక్కువ. పచ్చి మురుగు సీఓడీ 500 ఉన్నప్పుడు కంటికి ఆనని తప్పు ఇక్కడ అసలు అంకెనే మింగేస్తుంది. క్లోరైడ్ బరువుకి పదింతలు మెర్క్యూరిక్ సల్ఫేట్ ఉందో లేదో, వయల్ (సీఓడీ మందు పోసి ఉండే చిన్న గాజు గొట్టం) ప్యాకెట్ మీద ఎంతవరకు క్లోరైడ్ ఓర్చుకుంటుందని రాశారో చదవండి. నైట్రైట్ ఉంటే 1 మిల్లీగ్రాము నైట్రైట్ నైట్రోజన్‌కి 1.1 చొప్పున కలుస్తుంది, సల్ఫామిక్ ఆసిడ్ వేస్తే పోతుంది. ఓజోన్, పెరాక్సైడ్ లాంటివి వాడే ప్లాంటయితే మిగిలిన పెరాక్సైడ్ కూడా సీఓడీలో దూరుతుంది.

తక్కువ రేంజ్ వయల్స్‌లో పసుపు రంగు ఎంత తగ్గిందో 420 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం, ఎక్కువ రేంజ్‌లో ఆకుపచ్చ ఎంత వచ్చిందో 600 దగ్గర. తక్కువ రేంజ్‌లో అడుగున తెల్లగా పేరుకున్న మట్టిని కదిపితే రీడింగు పాడవుతుంది. డైజెషన్ అయ్యాక వేడిగా ఉన్నప్పుడే ఒకసారి తిప్పి, తరవాత కదపకుండా నిటారుగా చల్లారనివ్వండి. గాజు మీద వేలిముద్ర తుడిచి పెట్టండి. వయల్‌లో పోసేది 2 మిల్లీలీటర్లే కాబట్టి, అందులో ఒక ఫ్లాక్ ముక్క పడిందా లేదా అన్నదానితో అంకె మారిపోతుంది. శాంపిల్‌ని ముందు బ్లెండర్‌లో కొట్టి ఏకరూపం చేయకపోతే మూడు వయల్స్ మూడు కథలు చెబుతాయి. తనిఖీకి పొటాషియం హైడ్రోజన్ థాలేట్ ఉంది. లీటరుకి 425 మిల్లీగ్రాములు కరిగిస్తే సీఓడీ 500. దాన్ని పదింతలు పలచన చేసి 50 దగ్గర చూడండి. మీరు కొలిచేది 50 అయితే 500 దగ్గర సరిగ్గా రావడంతో మీకు ఒరిగేదేమీ లేదు.

టీఓసీ గురించి క్లుప్తంగా. నిమిషాల్లో వస్తుంది, పాదరసం లేదు, క్రోమియం లేదు, పరికరం ధర ఉంది. కానీ అది కార్బన్‌ని లెక్కపెడుతుంది, ఆక్సిజన్ ఆకలిని కాదు. ఆక్సాలిక్ ఆసిడ్‌కి సీఓడీని టీఓసీతో భాగిస్తే 0.67 వస్తుంది, మీథేన్‌కి 5.33. మధ్యలో మీ నీళ్లు ఎక్కడున్నాయో మీరే కొలిచి తెలుసుకోవాలి, పుస్తకంలో నిష్పత్తి అరువు తెచ్చుకుంటే కుదరదు. పచ్చి మురుగుకి కట్టిన నిష్పత్తి అవుట్‌లెట్‌కి పనిచేయదు. జాగ్రత్త పడాల్సింది బైకార్బొనేట్ దగ్గర. ఆల్కలినిటీ (నీటి క్షారత్వం) కాల్షియం కార్బొనేట్‌గా 250 ఉన్న నీటిలో అకర్బన కార్బన్ 60 ఉంటుంది. మీరు వెతికే సేంద్రియ కార్బన్ 15 దగ్గర ఉండొచ్చు. ఆసిడ్ వేసి గాలితో తరిమేటప్పుడు ఆ 60లో ఐదు శాతం మిగిలినా 3 కలిసిపోతుంది, ఐదో వంతు తప్పు. పైగా ఆటోశాంపిలర్ సన్నటి సూదిలోకి ఫ్లాక్ ఎక్కదు. క్లారిఫయర్ పొంగి పోతున్నా టీఓసీ ప్రశాంతంగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో 254 నానోమీటర్ల యూవీ సెన్సర్లు పెట్టేవాళ్లకి కూడా ఇదే చెబుతాను: ధోరణి చూడ్డానికి మంచివి, వాటి అంకెని బీఓడీ అని పిలవకండి. సెన్సర్ అద్దం మీద పాకుడు పడితే రోజురోజుకీ కాలుష్యం పెరుగుతున్నట్టు గీత ఎక్కుతూ ఉంటుంది.

శాంపిల్ తీసే చోటు కూడా ఒకసారి మీ కళ్లతో చూసి రండి. వియర్ (నీళ్లు పొర్లే గట్టు) దగ్గర నీళ్లు దూకేచోట, మధ్యలోంచి తీయాలి. గోడకి పట్టిన జిగురు గీసుకొచ్చే మగ్గు ఒక్కటి చాలు 10 బీఓడీ పెరగడానికి. ఆటోమేటిక్ శాంపిలర్ ట్యూబ్ లోపల నల్లగా పేరుకున్న పొర నెలల తరబడి అలాగే ఉంటుంది. 24 గంటల కాంపోజిట్ శాంపిల్ (కొద్దికొద్దిగా తీసి కలిపినది) 4 డిగ్రీల దగ్గర ఉండాలి, బీఓడీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. సీఓడీ శాంపిల్‌ని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2 కంటే కిందికి తెచ్చి దాచుకోవచ్చు, ఆ ఆసిడ్ వేసిన సీసా పొరపాటున బీఓడీ టేబుల్ మీదకి రాకుండా చూసుకోండి.

బయటివాళ్లకి ఏ అంకె ఇవ్వాలన్నది మీ అనుమతిపత్రంలో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది, మీకు ఏది తక్కువ వచ్చిందన్నదాన్ని బట్టి కాదు. బీఓడీ అని రాసి ఉంటే ఇన్హిబిటర్ వేసిన అంకెని ఆ పేరుతో ఇవ్వడం కుదరదు. సీబీఓడీ ఇవ్వొచ్చా అని లిఖితపూర్వకంగా అడగండి. అమెరికా నిబంధనల్లో 30 రోజుల సగటు బీఓడీ 30కి బదులు సీబీఓడీ 25 పెట్టుకునే వీలు ఇచ్చారు, హద్దు కూడా తగ్గించి ఇచ్చారని గమనించండి. నైట్రిఫికేషన్ తాలూకు ఆక్సిజన్ భారం అబద్ధమేమీ కాదు, నీళ్లు చేరే వాగులో ఆ 5 మిల్లీగ్రాముల అమ్మోనియా ఆక్సిజన్‌ని తాగి తీరుతుంది. కాకపోతే దాన్ని అమ్మోనియాగానే కొలిచి అమ్మోనియాగానే చెప్పాలి.

ఈ వారం ఇంత చేయండి: క్లోరిన్‌కి ముందున్న చోట శాంపిల్ తీసి రెండుగా పంచి, ఇన్హిబిటర్ ఉన్న జత, లేని జత మీరూ పెట్టండి, బయటి ల్యాబ్‌నీ పెట్టమనండి, ఇద్దరూ గ్లూకోజ్ గ్లుటామిక్ ఆసిడ్ చెక్ కూడా అదే రోజు చేయాలి. వచ్చిన నాలుగు బీఓడీలు, వడకట్టిన సీఓడీ, మొదటిరోజూ ఐదోరోజూ నైట్రేట్ ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం. అన్నట్టు, వాడేసిన సీఓడీ వయల్స్ సింకులో పోయనివ్వకండి. వాటిలో పాదరసం, వెండి, ఆరో వేలెన్సీ క్రోమియం ఉన్నాయి, సింకు పైపు వెళ్లేది మీ ఇన్‌లెట్‌కే.